గోల్ కొట్టినవాడే ఆటగాడా?

ఫుట్‌బాల్ అనగానే అందరం పీలే పేరు చెబుతాం. నేను మాత్రం ఆయనతో కలిసి ఆడిన బ్రెజిల్ ఆటగాడు మారియో జగాలో పేరు చెబుతాను.

జగాలోది ఎడమ పక్క ఫార్వర్డ్ స్థానం. అయినా బంతి చేజారితే నిలబడి చూసేవారు కాదు, వెనక్కి ఉరికి డిఫెన్స్‌కి సాయం చేసేవారు. అందుకే ఆయనకి 'చిన్న చీమ' అని పేరొచ్చింది.

1950లో మరకానా స్టేడియంలో బ్రెజిల్ ఉరుగ్వే చేతిలో 2-1తో ఓడి కప్పు పోగొట్టుకున్న రోజున ఆయన అక్కడ కాపలా సైనికుడు. తర్వాత 1958, 1962లలో ఆటగాడిగా ప్రపంచకప్ గెలిచారు. 1970లో పోటీలకి రెండున్నర నెలల ముందు కోచ్ అయ్యారు. ఫైనల్లో ఆయన జట్టు ఇటలీని 4-1తో ఓడించింది. ఆటగాడిగా, కోచ్‌గా కూడా ప్రపంచకప్ గెలిచిన మొదటి మనిషి ఆయనే. 2024 జనవరిలో, 92 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ముందుకీ వెనక్కీ ఉరికినవాడికే ఆట మొత్తం తెలుస్తుంది, అందుకే ఆయన మంచి కోచ్ అయ్యారని నా అభిప్రాయం.

మన గ్రౌండులో టీము తీసేటప్పుడు ఎవడెన్ని గోల్స్ కొట్టాడనేదే చూస్తున్నాం. వెనక కాపు కాసేవాడి పేరు ఎవరికీ గుర్తు రాదు. వార్డెన్ గారికీ, కెప్టెన్లకీ నా మనవి ఒక్కటే: ఈసారి ఆ చీమల్ని కూడా లెక్కలోకి తీసుకోండి.