చక్రం తగ్గనిదే ఫ్రేమ్ తగ్గదు

నాన్న సైకిల్ సీటు అందక, ఫ్రేమ్ త్రికోణంలోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నవారు మన ఊళ్లలో ఎందరో. ఎత్తు పెరిగితే పిల్లలకు ఆ అవస్థ తీరిపోతుంది. కానీ ఎదగడం పూర్తయిన మనిషికి కూడా సైకిల్ అందకపోతే? అయిదడుగుల ఎత్తున్న మహిళ సైక్లోక్రాస్ సైకిల్ కోసం వెతికితే ఎదురయ్యేది దాదాపు ఇదే పరిస్థితి. ఆమెకు సాధారణంగా రెండు జవాబులు దొరుకుతాయి. ఒకటి, 'మీ సైజు లేదు'. రెండోది, 'సీటు దించుకుంటే సరిపోతుంది'. మొదటి జవాబులో నిజాయితీ అయినా ఉంది. రెండోదానికి జ్యామితి ఒప్పుకోదు.

సైక్లోక్రాస్ ఐరోపాలో పుట్టిన చలికాలపు ఆట. ఫ్రాన్స్‌లో మొదటి జాతీయ పోటీ 1902లో జరిగింది. బురద, ఇసుక, తడి గడ్డి మీదుగా చిన్న చుట్టుమార్గంలో పందెం సాగుతుంది. అడ్డుపలకలు, మెట్లు వచ్చినచోట రైడర్ దిగి, సైకిల్‌ను భుజానికెత్తుకుని పరుగెత్తి, మళ్లీ దూకి ఎక్కాలి. పురుషుల ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1950లో మొదలైతే, మహిళలకు ఆ అవకాశం 2000లో వచ్చింది. ఈ సైకిల్ కొలతలు స్థిరపడిన కాలమంతా ప్రధాన వేదికపై పురుషులే ఉన్నారన్నది గుర్తుంచుకోవాల్సిన విషయం.

చిక్కంతా చక్రంతోనే

సైక్లోక్రాస్ సైకిళ్లకు వాడే 700సి చక్రంలో టైరు కూర్చునే చోట రిమ్ వ్యాసం 622 మిల్లీమీటర్లు. పోటీ నిబంధనలు అనుమతించే గరిష్ఠ వెడల్పయిన 33 మిల్లీమీటర్ల టైరు వేస్తే మొత్తం వ్యాసం సుమారు 688 మిల్లీమీటర్లు అవుతుంది. ఆరడుగుల మనిషికీ, అయిదడుగుల మనిషికీ చక్రం ఇదే. ఫ్రేమ్ గొట్టాలను ఎంతయినా కత్తిరించవచ్చు, చక్రాన్ని కత్తిరించలేం. అందుకే ఫ్రేమ్ చిన్నదయ్యేకొద్దీ ముందు చక్రం పాదానికి దగ్గరవుతుంది. మలుపులో హ్యాండిల్ తిప్పినప్పుడు బూటు మొన టైరుకు తగులుతుంది. వేగంగా వెళ్లే రోడ్డు సైకిల్‌లో హ్యాండిల్ అంతగా తిప్పే అవసరం అరుదు కాబట్టి దీన్ని చాలామంది పట్టించుకోరు. సైక్లోక్రాస్‌లో నెమ్మదిగా, ఇరుకుగా తిరగాల్సిన మలుపులే ఎక్కువ. అక్కడ పాదం తగిలితే కింద పడటమే.

అమెరికా భద్రతా నిబంధనల ప్రకారం పెడల్‌కూ, ముందు టైరుకూ మధ్య కనీసం 89 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అయితే పాదాన్ని పట్టి ఉంచే పెడళ్లున్న సైకిళ్లకు ఇందులోంచి మినహాయింపు ఉంది. సైక్లోక్రాస్ పందేల్లో అందరూ వాడేవి అలాంటి పెడళ్లే. పాదాన్ని వెంటనే వెనక్కి లాక్కోలేని రైడర్‌కే రక్షణ లేకుండా పోయింది.

కొలతల పట్టికలో కనిపించని సర్దుబాట్లు

చిన్న ఫ్రేమ్‌లో పెద్ద చక్రాన్ని ఇరికించడానికి తయారీదారులు సాధారణంగా రెండు మార్గాలు పడతారు. మొదటిది, ముందు ఫోర్క్‌ను పట్టి ఉంచే గొట్టాన్ని మరికాస్త వెనక్కి వాల్చడం. దీంతో చక్రం ముందుకు జరుగుతుంది, పాదానికి చోటు దొరుకుతుంది. కానీ సైకిల్ నడక మారిపోతుంది. ఆ గొట్టం వాలు నేలను తాకే బిందువుకూ, టైరు నేలను తాకే బిందువుకూ మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. ఇది ఎంత ఎక్కువైతే హ్యాండిల్ అంత బరువుగా తిరుగుతుంది. ఫోర్క్ ముందువంపు 45 మిల్లీమీటర్లు అనుకుని లెక్క వేస్తే, గొట్టం కోణం 72 డిగ్రీలున్నప్పుడు ట్రెయిల్ సుమారు 64 మిల్లీమీటర్లు. కోణం 70 డిగ్రీలకు తగ్గితే అది 77కు చేరుతుంది. బురద మలుపుల్లో చురుగ్గా తిరగాల్సిన సైకిల్ అతి చిన్న సైజు దగ్గరికి వచ్చేసరికి మొండికేస్తుంది.

రెండో మార్గం ఇంకా చిత్రమైనది. సీటు గొట్టాన్ని నిటారుగా నిలబెడితే పై గొట్టం పొడవు కాగితం మీద తగ్గుతుంది. ఒక్క డిగ్రీకి దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. హ్యాండిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పెడళ్ల మీద కాళ్ల పొందిక కోసం రైడర్ సీటును వెనక్కి జరుపుకోగానే ఆ సెంటీమీటరు తిరిగి వచ్చేస్తుంది. అందుకే పై గొట్టం పొడవును కాకుండా రీచ్, స్టాక్ అనే కొలతలను చూడాలి. పెడళ్లు తిరిగే ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పై అంచు వరకు అడ్డంగా ఉన్న దూరం రీచ్, నిలువుగా ఉన్న దూరం స్టాక్. ఇవి సీటు గొట్టం కోణం మీద ఆధారపడవు. సీటు దించినంత మాత్రాన హ్యాండిల్ దగ్గరకు రాదన్నది కూడా ఈ కొలతలే చెబుతాయి.

భుజానికెత్తుకోవడం మరో పరీక్ష. నిలబడినప్పుడు కాళ్ల మధ్య ఖాళీ ఉండాలని పై గొట్టాన్ని వాలుగా పెడితే లోపలి త్రికోణం ఇరుకవుతుంది, భుజం దూరదు. ఈ బేరంలో ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

పరిష్కారం కొత్తది కాదు

చక్రాన్నే కాస్త తగ్గిస్తే ఈ ముడులు చాలావరకు విడిపోతాయి. 650బి చక్రం రిమ్ వ్యాసం 584 మిల్లీమీటర్లు. అదే 33 మిల్లీమీటర్ల టైరుతో మొత్తం 650 అవుతుంది, అంటే ఇరుసు 19 మిల్లీమీటర్లు కిందికి వస్తుంది. కోణం 72 డిగ్రీల దగ్గరే ఉంచినా ట్రెయిల్ సుమారు 58 మిల్లీమీటర్లే. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ నిబంధనల్లో చక్రం వ్యాసం 55 నుంచి 70 సెంటీమీటర్ల మధ్య ఉండవచ్చు కాబట్టి ఇది పందేనికీ పనికొస్తుంది.

దీనిపై అభ్యంతరాలు ఉన్నాయి, అవి తీసిపారేయదగ్గవీ కావు. పెద్ద చక్రం గుంతలను సులువుగా దాటుతుంది. 650బిలో బురదకు పనికొచ్చే సన్నని టైర్ల ఎంపిక చాలా తక్కువ. పందెంలో చక్రం పాడైతే పక్కవారి దగ్గర అదే సైజు దొరక్కపోవచ్చు. కానీ రెండో, మూడో కష్టాలకు మూలం భౌతికశాస్త్రంలో లేదు, మార్కెట్‌లో ఉంది. ఫ్రేమ్‌లు లేవని టైర్లు చేయరు, టైర్లు లేవని ఫ్రేమ్‌లు చేయరు.

ఈ వలయాన్ని తెంచవచ్చని అమెరికాకు చెందిన మెకానికల్ ఇంజినీర్ జార్జినా టెర్రీ 1985లోనే చూపించారు. మహిళల కోసం సైకిల్ సంస్థ ప్రారంభించి, చిన్న సైజుల్లో ముందు 24 అంగుళాల చక్రం, వెనుక 700సి చక్రం అమర్చారు. అయితే యూసీఐ సైక్లోక్రాస్ పోటీల్లో రెండు చక్రాలూ ఒకే వ్యాసంలో ఉండాలి. కాబట్టి ఆ ఉపాయం అక్కడ చెల్లదు. 2026 నుంచి రోడ్డు, సైక్లోక్రాస్ పోటీల్లో హ్యాండిల్ వెడల్పు బయటి అంచుల మధ్య కనీసం 400 మిల్లీమీటర్లు ఉండాలని యూసీఐ 2025లో ప్రకటించినప్పుడు, భుజాలు సన్నగా ఉన్న మహిళా రైడర్ల వైపు నుంచి గట్టి విమర్శలు వచ్చాయి. ఒక నిబంధన అందరికీ ఒకేలా ఉన్నంత మాత్రాన అది అందరినీ సమానంగా చూసినట్టు కాదు.

క్రాంక్ పొడవు విషయంలో శాస్త్రం స్పష్టంగానే ఉంది. జేమ్స్ మార్టిన్, వానీన్ స్పిర్డుసో 2001లో ప్రచురించిన పరిశోధనలో 120 నుంచి 220 మిల్లీమీటర్ల వరకు అయిదు పొడవులను పరీక్షించారు. అంత తేడా ఉన్నా గరిష్ఠ శక్తిలో తేడా నాలుగు శాతం దరిదాపుల్లోనే ఉంది. 145, 170 మిల్లీమీటర్ల క్రాంక్‌లు 120, 220 మిల్లీమీటర్ల వాటికంటే మెరుగనిపించాయి. పొట్టి క్రాంక్ వేస్తే బలం తగ్గుతుందన్న భయానికి పెద్దగా ఆధారం లేదు. మోకాలు తక్కువ వంగుతుంది, పాదం ముందు చక్రానికి కాస్త దూరమవుతుంది. అయినా చిన్న ఫ్రేమ్‌లకు కూడా 170 మిల్లీమీటర్ల క్రాంక్ తగిలించి అమ్మడం మామూలే.

మన కొలతలు ఎక్కడ?

భారతీయ మహిళల సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. ఐరోపా తయారీదారు 'అతి చిన్న' సైజుగా భావించేది ఇక్కడ సగటు. సైకిళ్ల ఉత్పత్తిలో చైనా తర్వాతి స్థానం మనదే. బట్టల సైజుల కోసం నిఫ్ట్ సంస్థ హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 25 వేల మంది శరీర కొలతలు తీసుకునే 'ఇండియాసైజ్' సర్వేను చేపట్టింది. చొక్కాకు అవసరమైన శ్రద్ధ సైకిల్‌కు అక్కర్లేదా? కాళ్ల పొడవు, చేతుల పొడవు, భుజాల వెడల్పు లెక్కలోకి తీసుకుని చక్రం, క్రాంక్, హ్యాండిల్ మూడింటినీ ఫ్రేమ్‌తో పాటు తగ్గించే సైకిళ్లను ఇక్కడి పరిశ్రమ తయారు చేయగలదు.

అంతవరకు కొనేవారు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్రేమ్ రీచ్, స్టాక్ ఎంత? పెడళ్ల ఇరుసు నుంచి ముందు చక్రం ఇరుసుకు దూరం ఎంత? క్రాంక్ మార్చి ఇస్తారా? బ్రేకు పిడి వేళ్లకు అందుతుందా? సొంత బూట్లతో ఎక్కి, పెడల్‌ను ముందుకు తెచ్చి హ్యాండిల్ తిప్పి చూడాలి. సైకిల్‌ను భుజానికెత్తుకుని నాలుగడుగులు వేయాలి. పాదం టైరుకు తగిలినా, భుజం త్రికోణంలో దూరకపోయినా తప్పు శరీరానిది కాదు, కొనకుండా వెనక్కి రావచ్చు.