మేడలపై అలుక

బందరులో పాత పెంకుటింటిని పడగొట్టి నాలుగంతస్తుల మేడ కట్టుదురన్న వార్త పొక్కినంతనే వీథియెల్ల అలజడి చెందుచున్నది. గుడివాడలోను ఇదే వరుస. గాలి రాదనియు, వెలుతురు పోవుననియు, మురుగు పొంగుననియు పెద్దలు పురపాలక కార్యాలయమునకు మహజరులు కొనిపోవుచున్నారు. ఈ మొరలలో నిజము లేకపోలేదు. ఇరువది సంవత్సరములు అడ్డులేక యనుభవించిన గాలివెలుతురులకు 1882 సంవత్సరపు ఈజుమెంటుల చట్టము హక్కు కల్పించినది. సందు విడువక గోడకు గోడ ఆనించి కట్టువానిపై వ్యాజ్యము తెచ్చుట న్యాయమే. అట్టివి మేమును నడపియున్నాము.

అయితే మహజరులో వ్రాయని మాట యొకటి కలదు. అది అరుగులమీద వినవచ్చును. “ఎవరెవరో వచ్చి చేరుదురు.” వారేకులమో, ఏమి వండుకొందురో యని బెంగ! బందరువారి నోట ఈ మాట వినుట మాకు వింతగా నున్నది. వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము — మన పేటల పేర్లే పరదేశీయులవి. సముద్రము దాటి వచ్చిన వర్తకులకు చోటిచ్చిన యూరు, అవనిగడ్డనుండి వచ్చు బడిపంతులునకు రెండు గదు లీయజాలదా?

ఊరిలో చోటు లేదన్నచో జనము పొలములమీద పడక తప్పదు. గుడివాడ చెంత మల్లాయపాలెమున టిడ్కో సంస్థ కట్టిన 8,912 గృహములను 2023 జూన్‌లో పేదల కప్పగించిరి. ఇల్లు లేనివానికి ఇల్లు దొరకుట మేలే. కాని దినదినము కూలికై ఊరిలోనికి రావలసినవారిని ఊరి వెలుపల నుంచుట ఏపాటి పొదుపో మాకు బోధపడదు. పైగా డెల్టా పొలము పల్లపు నేల. ఇల్లు కట్టుటకు ముందు మెరక తోలవలెను. ఇచట మెరకయైన కొలది ప్రక్క చేను మునుగును, మురుగుబోదె పూడును. అట్లు పోయిన మాగాణి మరల రాదు.

ఎత్తైన ఇల్లు మన ప్రాంతమునకు పనికిరాదందురా? 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది నశించిరి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమంది కొట్టుకొనిపోయిరి. గుడిసెలు పోయినవి; గట్టి డాబా ఎక్కగలిగినవారు పెక్కురు బ్రతికిరి.

పురపాలకులు అనుమతి నిచ్చుటకు ముందు మురుగుకాలువ ఆ ఇంటి నీటిని మోయునా, నల్లమట్టిలో పునాది నిలుచునా, ప్రక్కయింటికి విడువవలసిన సందు విడిచిరా యని చూడవలెను. వీథిపెద్దలు ఈ మూటిని గూర్చి మహజరు వ్రాయుదురేని మొదటి సంతకము మేము చేయుదుము.