దీవిలో కొలువు

మా పక్కింటి అక్క కొడుకు మాల్దీవుల్లో ఒక రిసార్టులో రూములు సర్దే పనికి పోయి ఆర్నెల్లయింది. ఫోన్లో ఫోటోలు పంపినాడు. నీళ్ళ మీద స్తంభాలేసి కట్టిన విల్లా, మెట్లు దిగితే సముద్రమే. "మావోడు రాజా మాదిరి ఉండాడు" అని అక్క వీధంతా చూపించింది.

"అక్కా, అది వచ్చిపొయ్యే దొరలది. వాడు పడుకొనే చోటు ఫోటో అడుగు" అన్నాను. మర్నాడు వచ్చింది: ఒక గది, ఒకదానిమీదొకటి మంచాలు, ఆరుమంది.

కె.జి.ఎఫ్. వాళ్ళకు ఇది కొత్త కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినాక దొరలకు తోటల్లో బంగళాలు, క్లబ్బు. గనిలోకి దిగే మనోళ్ళకు తడికెల గుడిసెలు. అయినా కష్టం తట్టుకోలేనోడు మారికుప్పంలో రైలెక్కి ఊరికి పోగలిగినాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాక మన పిల్లలు పని కోసం బెంగుళూరికి పోయినా, రాత్రికి ఇల్లు చేరతారు.

ఆడ అట్ల కాదు. ఒక దీవికి ఒకటే రిసార్టు. చుట్టూ ఎవరూ లేకపోవడానికే వచ్చినోళ్ళు డబ్బు కడతారు. పనోడికి అదే చిక్కు. పడవ వస్తేనే బయటి లోకం.

పోవద్దని చెప్పను, అక్క అప్పు ఆ జీతంతోనే తీరతావుంది. పంపేముందు మాత్రం ఏజెంటును నాలుగు మాటలు అడగండి. పడక యాడ? సెలవు ఎన్నాళ్ళకు? కాగితంలో రాసిన జీతమెంత? పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంటుంది?

జవాబు నోటిమాటగా కాదు, రాతలో తీసుకోండి.