నడివయసులో లారీ బడి: ఎవరి కొరత, ఎవరి ఖర్చు?

దేశంలో డ్రైవర్లకు తీవ్రమైన కొరత ఏర్పడినదని, ఆ కొరత 22 లక్షల వరకు ఉన్నదని కేంద్ర రోడ్డు రవాణా మంత్రి పార్లమెంటులోనూ, వెలుపలి సభలలోనూ పలుమార్లు చెప్పి ఉన్నారు. కొరత తీర్చుటకు దేశమంతటా 1,600 డ్రైవింగ్ శిక్షణ కేంద్రాలు నెలకొల్పుతామని, అందుకు 4,500 కోట్ల రూపాయల పథకం సిద్ధమైనదని 2025లో ప్రకటన వెలువడింది. ఇటువంటి ప్రకటనల నీడలో ఒక ఉపదేశం కూడా దేశం మీద తిరుగుతున్నది. మూతబడిన మిల్లు కార్మికునికి, గేటు బయటకు నెట్టబడిన కాంట్రాక్టు కార్మికునికి, స్వచ్ఛంద విరమణ అనే అందమైన పేరుతో ఇంటికి పంపబడిన ఉద్యోగికి నేడు దొరికే సలహా ఒక్కటే: "డ్రైవింగ్ బడిలో చేరు. లారీ స్టీరింగు పట్టు. ఈ వయసులోనైనా కొత్త జీవితం మొదలుపెట్టు."

ఈ సలహా ఎంత బోలుదో విచారించవలసిన అవసరం రైల్వే, తపాలా ఉద్యోగులకు ప్రత్యేకంగా ఉన్నది. లారీవానితో మనకేమి సంబంధం అని అడిగే సోదరులు లేకపోలేదు. వారికి మన సమాధానం ఇది. 1951 ప్రాంతంలో దేశపు సరకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా రైలు మీద నడిచింది. నేడు రైలుకు మిగిలినది మూడో వంతు లోపే. 2030 నాటికి దానిని 45 శాతానికి తెస్తామని జాతీయ రైలు ప్రణాళికలో వ్రాసుకున్నారు; వ్రాత వ్రాతగానే ఉన్నది. మన గూడ్సు షెడ్డును విడిచి వెళ్లిన సరకు గాలిలో కలిసిపోలేదు, లారీ ఎక్కింది. మన తపాలా సంచులలోనూ, పార్సెళ్లలోనూ ఒక భాగం కాంట్రాక్టు బండ్ల మీదనే సాగుతున్నది. ఇక మనుషుల మాట. 1985 వరకు తపాలా, తంతి ఒకే శాఖ. ఆ తంతి శాఖ వారసత్వంగా వచ్చిన బి.ఎస్.ఎన్.ఎల్. నుండి 2020 జనవరి 31న, ఒక్క దినమున, 78 వేల మందికి పైగా ఉద్యోగులు స్వచ్ఛంద విరమణతో బయటకు నడిచారు. అందరూ యాభై దాటినవారు. విశాఖ ఉక్కు కర్మాగారంలో 2025లో వేలాది కాంట్రాక్టు కార్మికులను తొలగించారు. ఇటువంటి ఇళ్లలోని మనుషులనే డ్రైవింగ్ బడి వైపు చూడమంటున్నారు. మన సరకు, మన మనుషులు ఇద్దరూ లారీ దగ్గరే కలుస్తున్నారు.

ఒక మాట ముందే స్పష్టం చేయాలి. నలభై అయిదేళ్ల మనిషి మళ్లీ విద్యార్థి కావడంలో నామోషీ ఏమీ లేదు. లారీ నడపడం గౌరవమైన వృత్తి, కష్టసాధ్యమైన విద్య. మంచి శిక్షణ సంస్థలు రావడం మనకు సంతోషమే. మరమగ్గాల పట్టణమైన సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో అటువంటి సంస్థ ఒకటి నడుస్తున్నది. క్లీనరుగా చేరి, డ్రైవరు నిద్రపోయినప్పుడు రాత్రివేళ దొంగచాటుగా స్టీరింగు నేర్చుకున్న పాత పద్ధతి కంటే అది వెయ్యి రెట్లు మేలు. మన వివాదం బడితో కాదు. బడిని చూపించి బాధ్యత దులుపుకొనే వారితో.

చట్టం ఏమి చెబుతున్నదో చూద్దాము. నలభై మూడేళ్ల కార్మికుడు ఒకడు ఉన్నాడనుకొనండి. పని పోయింది. ఇంటిలో చదువుకునే పిల్లలు ఇద్దరు. అతని దగ్గర ఉన్నది మోటారు సైకిలు లైసెన్సు మాత్రమే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఏడవ సెక్షను ప్రకారం, తేలికపాటి వాహనపు లైసెన్సు కనీసం ఒక సంవత్సరం చేతిలో ఉంటేనే గాని రవాణా వాహనానికి అభ్యాస లైసెన్సు ఇవ్వరాదు. నిబంధన మంచిదే, రోడ్డు మీద ప్రాణాలకు అది రక్ష. కాని అతని సంసారానికి దాని అర్థమేమి? ముందు కారు నేర్వాలి, దాని లైసెన్సు తెచ్చుకోవాలి, ఏడాది కాలం గడపాలి, ఆ తరువాత భారీ వాహనపు బడిలో ఫీజు కట్టాలి, వైద్య ధ్రువపత్రం తెచ్చుకోవాలి. మంత్రిగారి కొరత ఈ రోజున ఉన్నది. ఇతడు దానిని తీర్చగలిగేది ఏడాదిన్నర తరువాత. ఆ ఏడాదిన్నర బియ్యం ఎవరు పోస్తారు? శిక్షణ కేంద్రాల భవనాలకు, ట్రాకులకు కోట్లు లెక్క కట్టిన వారు ఈ ప్రశ్నకు ప్రకటనలో ఒక వాక్యమైనా కేటాయించలేదు.

బడిలో నేర్పేది ఎంత? 2021 జులై 1 నుండి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, గుర్తింపు పొందిన కేంద్రంలో భారీ వాహన శిక్షణ మొత్తం 38 గంటలు, ఆరు వారాలలో. పాఠాలు, ప్రయోగం రెండూ కలిపి 38 గంటలు. అక్కడ ఉత్తీర్ణుడైనవాడు రవాణా కార్యాలయంలో మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు నిలువనక్కరలేదు. మన లోకో పైలట్ల సంగతి మనకు తెలుసు. సహాయ లోకో పైలటుగా చేరినవాడు నెలల తరబడి శిక్షణ పొంది, సంవత్సరాల తరబడి పక్కన కూర్చుని, పిదప గూడ్సు, ఆ పైన ప్యాసింజరు, చివరకు మెయిలు బండి చేపడతాడు. అతనికి పట్టాలున్నాయి, సిగ్నలున్నది, వెనుక గార్డు ఉన్నాడు. లారీవానికి పశువులు, సైకిళ్లు, ఎదురు దిశలో వచ్చే ట్రాక్టర్లు నిండిన రోడ్డు ఉన్నది. 38 గంటల చదువుతో నలభై టన్నుల బండిని ఆ రోడ్డు మీదకు పంపడం ఎవరి క్షేమం కోసం? 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించారని ప్రభుత్వ నివేదికే చెబుతున్నది.

వయసు విషయంలో ఒక విచిత్రం గమనించండి. 2025లో రైల్వే సహాయ లోకో పైలట్ల పోస్టులు 9,970 ప్రకటించినప్పుడు సాధారణ అభ్యర్థికి గరిష్ఠ వయసు 30 సంవత్సరాలు. పింఛను, సెలవు, వైద్యం, యూనియను ఉన్న ఇంజను దగ్గర ముప్పై దాటినవాడు ముసలివాడు. ఇవేవీ లేని లారీ దగ్గర నలభై మూడేళ్లవాడు నవయువకుడు! కంటికి చత్వారం వచ్చిందని, దగ్గరి అంకెలు మసకబారుతున్నవని, ఎదురు బండి దీపాల వెలుగు తగిలితే తేరుకోవడానికి కుర్రవాని కంటే ఎక్కువ సేపు పడుతుందని ఉపదేశకులకు గుర్తు రాదు. నడివయసు మనిషికి ఓర్పు, జాగ్రత్త ఎక్కువే. అవి యజమానికి ఉచితంగా దొరుకుతున్నవి. కన్ను, నడుము, నిద్ర మాత్రం అతడే ఖర్చు పెట్టుకోవాలి.

లైసెన్సు చేతికి వచ్చినదనుకొందాము. కొత్తవానికి లక్షల విలువైన బండిని ఏ ఓనరు అప్పగిస్తాడు? నలభై అయిదేళ్లవాడు పాతికేళ్ల డ్రైవరు పక్కన క్లీనరుగా కూర్చోవాలి, టార్పాలిన్ కట్టాలి, టైర్లు తట్టి చూడాలి. ఆ దశ దాటి స్టీరింగు దొరికినా జీతం అనేది చాలా చోట్ల పేరుకే. ట్రిప్పు లెక్క, బత్తా లెక్క. పోర్టు గేటు వద్ద ఒక రాత్రి, గోడౌను ముందు ఒక పగలు, లోడింగు కూలీలు రాలేదని మరొక పూట నిలబడితే ఆ గంటలకు పైసా రాదు. బండి కదిలితేనే కూలి. కాబట్టి కదిలినప్పుడు ఆగకుండా తోలాలి. విశాఖ నుండి నెల్లూరు దాకా 16వ నంబరు జాతీయ రహదారి వెంట తెల్లవారుజామున మూడు గంటలకు ఆ బండ్లు ఎందుకు ఆగకుండా పరుగెడుతున్నవో దీనితో తెలుస్తుంది. నిద్ర వచ్చినవాడు ఆగితే ఆ రాత్రి కూలి పోతుంది. ఆగకపోతే పోయేది ఏమిటో మరునాటి పత్రికలో వస్తుంది. సరకు తడిసినా తగ్గినా కోత, చలానా పడితే కోత, ఆలస్యమైతే తిట్లు. భవిష్య నిధి, ఇ.ఎస్.ఐ. అనే మాటలు చాలా మంది లారీ డ్రైవర్లకు అన్యులు చెప్పుకునే కథల వంటివి. దేశంలోని పది రవాణా కేంద్రాలలో 1,200 మందికి పైగా డ్రైవర్లను ప్రశ్నించి 2020లో సేవ్ లైఫ్ ఫౌండేషను వెలువరించిన అధ్యయనంలో, ఈ వృత్తిలోకి తమ కుటుంబంలోని వారిని రమ్మని చెప్పబోమని నూటికి 84 మంది అన్నారు. కొరతకు కారణాలు వెదకడానికి కమిటీలు వేయనక్కరలేదు.

మార్కెట్టు సూత్రాలను మనకు రోజూ బోధించే పెద్దలను ఒక ప్రశ్న అడుగుదాము. ఉల్లిపాయకు కొరత వస్తే దాని ధర పెరుగుతుంది. 22 లక్షల డ్రైవర్ల కొరత ఉంటే డ్రైవరు కూలి ఎందుకు అదే విధంగా పెరగలేదు? పనిగంటలు ఎందుకు తగ్గలేదు? కొరత ఉన్నది మనుషులకు కాదు, ఆ కూలికి ఆ బ్రతుకు బ్రతకడానికి ఒప్పుకునే మనుషులకు. రైతుబిడ్డలు, క్లీనర్లు దూరమైపోతే ఇక మిగిలింది గత్యంతరం లేని నడివయసు నిరుద్యోగి. అతనిని బడి ద్వారా సరఫరా చేస్తే కూలి పెంచనక్కరలేదు. ఈ పథకం వెనుక కనిపించే లెక్క ఇదే.

చట్టం రక్షిస్తుందని కొందరు అంటారు. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అన్నది. దూర ప్రయాణాలలో పదీ, 54 వరకు. అయిదు గంటలు తోలితే అర గంట విశ్రాంతి అన్నది. అయిదుగురు కార్మికులున్న సంస్థకైనా అది వర్తించింది. అది కాగితం మీదనే ఎక్కువగా బ్రతికిన మాట నిజమే, అయినా చేత పట్టుకోవడానికి ఒక కాగితమైనా ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకొని, మోటారు రవాణా సంస్థకు హద్దును పది మంది కార్మికులకు పెంచింది. ఒకటి రెండు లారీల యజమానులు, మూడు నాలుగు లారీల యజమానులు నిండి ఉన్న ఈ రంగంలో దాని ఫలితం ఏమిటో చెప్పనక్కరలేదు. పెద్ద కంపెనీ సరకును చిన్న యజమాని లారీకి అప్పగిస్తుంది, చిన్న యజమాని కోడ్ పరిధిలోకి రాడు, డ్రైవరు ఎవరి ఉద్యోగీ కాకుండా పోతాడు. సరిగ్గా ఈ గుంపులోకే మన నలభై మూడేళ్ల కొత్త విద్యార్థిని పంపుతున్నారు.

1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి పది గంటల డ్యూటీ హామీ సాధించారు. ఆ హామీ అమలు కోసం ఇప్పటికీ పోరాడవలసి వస్తున్నదన్నది వేరే సంగతి. కాని ఆ హామీని ఏ శిక్షణ కేంద్రమూ ఇవ్వలేదు. లారీ డ్రైవర్లు కూడా తమ శక్తిని 2024 జనవరి మొదటి రెండు రోజులలో చూపారు. ప్రమాదం చేసి తెలుపకుండా వెళ్లిపోతే పదేళ్ల వరకు జైలు అన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను రెండవ ఉపనిబంధన మీద వారు బండ్లు ఆపారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన జనం ఆ జనవరి 2ను మరచిపోలేదు. ఆ రాత్రికే కేంద్రం చర్చకు దిగి వచ్చింది; 2024 జులై 1న సంహిత అమలులోకి వచ్చినా ఆ ఉపనిబంధనను పక్కన పెట్టారు. ప్రమాద బాధితుని రోడ్డు మీద వదలి పోవడాన్ని మనము సమర్థించము. కాని 20 గంటలు తోలించిన యజమానికి ఏ శిక్షా లేకుండా, తోలినవానికి మాత్రమే పదేళ్లన్న న్యాయాన్ని ఎట్లా ఒప్పుకోగలము? పని గంటలు నిర్ణయించేవాడు ఒకడు, శిక్ష అనుభవించేవాడు మరొకడు.

కొత్త లారీలలో ఎ.సి. క్యాబిను తప్పనిసరి చేశారు గదా అంటారు. 2025 నుండి చేశారు, స్వాగతిస్తున్నాము. పాత బండ్లకు అది వర్తించదు. చల్లని క్యాబినులో పదహారు గంటలు తోలించే యజమానికి అది అడ్డమూ కాదు.

ఇందువలన శిక్షణ పథకం గురించి మన ఫెడరేషను కోరవలసినది స్పష్టమే. పని పోయిన కార్మికునికి ముందుగా అతని పాత వృత్తిలోనే, అతని పాత పరిశ్రమలోనే పునర్నియామకం చూపాలి. అది సాధ్యం కానప్పుడే వేరే బడి మాట ఎత్తాలి. బడికి పంపితే చదువుతున్న కాలమంతా, తేలికపాటి లైసెన్సుతో ఎదురు చూసే ఏడాదితో సహా, జీవన భృతి ఇవ్వాలి. బడి ముగిసిన తరువాత అనుభవజ్ఞుడైన డ్రైవరు పక్కన జీతం గల శిక్షణార్థిగా నెలల పాటు ఉంచాలి. నిలబడిన గంటలకు కూలి కట్టాలి, ఆ కూలిని సరకు పంపిన కంపెనీ నుండి వసూలు చేయాలి. అప్పుడు గేట్ల వద్ద ఆలస్యాలు వాటంతట అవే తగ్గుతవి. కోడ్‌లోని పది మంది హద్దును తీసివేసి, ఒక్క లారీ ఉన్నా పనిగంటలు వర్తింపజేయాలి.

శాఖలు వెంటనే చేయగలిగిన పని కూడా ఒకటి ఉన్నది. మన గూడ్సు షెడ్ల వద్ద, పార్సెల్ కార్యాలయాల వద్ద, తపాలా శాఖ మెయిల్ కేంద్రాల ముందు లారీ డ్రైవర్లు గంటల తరబడి నిలబడుతున్నారు. అక్కడ వారికి తాగునీరు, మరుగుదొడ్డి, నడుము వాల్చడానికి ఒక నీడ ఉన్నవా లేవా, సగటున ఎన్ని గంటలు నిలుపుతున్నారు అన్న వివరాలను ప్రతి శాఖ వచ్చే సర్వసభ్య సమావేశానికి ముందే సేకరించి, తీర్మానంతో సహా ఫెడరేషను కార్యాలయానికి పంపవలసినదిగా కోరుతున్నాము. ఆ లెక్కలను క్రోడీకరించి ఇదే పత్రికలో ప్రకటించి, రైల్వే బోర్డుకు, తపాలా శాఖకు మహజరుగా సమర్పించగలము.