జిల్లా పేరు ముక్కలైతే..

2016 అక్టోబర్ 11న పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు విడిపోయాయి. ఆదిలాబాద్ ఒక్కటే నాలుగైంది. రాజన్న సిరిసిల్ల, కుమురం భీం ఆసిఫాబాద్ లాంటి పొడుగు పేర్లొచ్చాయి. మనకు అలవాటైపోయింది గానీ, కోడ్‌కే తిప్పలు.

ఎట్లాగంటే, ఫారం నుంచి ‘రాజు కెరమెరి కుమురం భీం ఆసిఫాబాద్’ అని ఒకే లైన్ వచ్చిందనుకోండి. స్పేస్ దగ్గర స్ప్లిట్ చేస్తే ఐదు ముక్కలు. మూడో ముక్కే జిల్లా అనుకుంటే మిగిలేది ఒట్టి ‘కుమురం’. ఆ పేరుతో జిల్లా లేదు కదా! జిల్లాల వారీగా స్కాలర్‌షిప్ లిస్టు తీస్తే రాజు కనిపించడు. ఎర్రర్ కూడా రాదు.

మూడు ముక్కలే చాలని లిమిట్ పెడదామా? పీహెచ్‌పీలో ఎక్స్‌ప్లోడ్ మిగిలిందంతా మూడో ముక్కలోనే ఉంచుతుంది. జావాస్క్రిప్ట్ స్ప్లిట్ మాత్రం ‘భీం ఆసిఫాబాద్’ను పారేస్తుంది. మనిషి పేరే రెండు మాటలైతే రెండూ తప్పే.

అందుకే డేటాలో రాని గుర్తును, నిలువు గీతలాంటిదాన్ని, డీలిమిటర్‌గా పెట్టుకోండి. కామా వద్దు, అడ్రస్‌లో అదెట్లాగూ ఉంటుంది. జేసన్‌లో పంపితే ఇంకా మేలు, ఏది పేరో ఏది జిల్లానో అందులోనే రాసి ఉంటుంది. టెస్టింగ్‌లో ‘నిర్మల్’ కొట్టి ఊరుకోకండి. ‘కుమురం భీం ఆసిఫాబాద్’ కూడా కొట్టి చూడండి.