పాస్‌వర్డ్ మారిస్తే సరిపోదు

పొద్దున్నే ఫోన్ చూస్తే ఒక నోటిఫికేషన్. కొత్త పరికరం నుంచి మీ అకౌంట్‌లోకి ఎవరో లాగిన్ అయ్యారట. టైమ్ చూస్తే రాత్రి రెండున్నర. అప్పుడు మీరు నిద్రలో ఉన్నారు. గుండె గుభేలుమంటుంది. తర్వాత మనలో చాలామంది చేసే పని ఒక్కటే. పాస్‌వర్డ్ మార్చేసి హమ్మయ్య అనుకోవడం. నేనూ అదే చేశాను. రెండు రోజుల తర్వాత నా మెయిల్ నన్నే లోపలికి రానివ్వలేదు.

ఏం జరిగిందంటే, దొంగ అప్పటికే రికవరీ మెయిల్‌గా తన అడ్రస్ పెట్టుకున్నాడు. నేనది చూడలేదు. సరే, నా రికవరీ నంబరుతో తెచ్చుకుందామంటే ఆ నంబరు నాది కాదు! ఇంటర్ అయ్యాక ఎంసెట్ అప్లికేషన్ పెట్టడానికి శృంగవరపుకోటలో ఓ నెట్ సెంటర్‌కి వెళ్లాను. మెయిల్ ఐడీ లేదంటే అక్కడి అన్నే తయారుచేసి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నాన్న దగ్గర ఉండటంతో తన నంబరే పెట్టాడు. మంచికే చేశాడు. కానీ ఆ సిమ్ ఎప్పుడో పోయింది. ఆ అకౌంట్ మళ్లీ నా చేతికి రాలేదు. దానికొచ్చిన ఒక ఇంటర్వ్యూ పిలుపూ అలాగే పోయింది.

ఎస్.కోట నుంచి విజయనగరమో విశాఖో చదువుకి, అక్కడి నుంచి హైదరాబాదో బెంగళూరో ఉద్యోగానికి వెళ్లే మనలో ఎంతమంది మెయిల్స్ ఇలా పుట్టినవో ఒకసారి ఆలోచించండి. ఊరు మారినప్పుడల్లా సిమ్ మారుస్తాం. పాత నంబరు మాత్రం మెయిల్‌లో అలాగే ఉండిపోతుంది. వాడకుండా వదిలేయడంతో రద్దయిన నంబరును, రద్దయిన 90 రోజుల తర్వాత మొబైల్ కంపెనీ మరొకరికి ఇవ్వొచ్చు. అంటే మీ ఇంటి మారు తాళం ముక్కూ మొహం తెలియని వాడి జేబులో ఉన్నట్టే.

కంగారు వద్దు, వరస ముఖ్యం

అనుమానం రాగానే మొదట చేయకూడని పని ఒకటుంది. ఆ హెచ్చరిక మెయిల్‌లోని లింక్‌ను నొక్కకండి. ఆ హెచ్చరికే దొంగది కావచ్చు. బ్రౌజర్‌లో అడ్రస్ మీరే టైప్ చేసి అకౌంట్ తెరవండి. అదీ మీరు రోజూ వాడే ఫోన్‌లోనే. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో వద్దు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ల్యాప్‌టాప్‌లోనూ వద్దు. ఇంజినీరింగ్ హాస్టళ్లలో ఇది మామూలే. ఆ క్రాక్‌తోపాటు పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామ్ కూడా దిగి ఉంటే, మీరు పెట్టే కొత్త పాస్‌వర్డ్ కూడా నేరుగా వాడికే చేరుతుంది.

లోపలికి వెళ్లగలిగితే పాస్‌వర్డ్ మార్చండి. వేరే ఎక్కడా వాడనిది, పొడవైనది పెట్టండి. వెంటనే సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో మీ అకౌంట్ ఏయే పరికరాల్లో తెరిచి ఉందో చూసి, మీవి కానివాటిని సైన్ అవుట్ చేయండి. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ రెండూ మీవేనా అని ఒక్కో అక్షరం చదివి చూసుకోండి. రెండంచెల వెరిఫికేషన్ ఆన్ చేయండి. జీమెయిల్ అయితే 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్‌లో పెట్టుకోండి. ఫోన్ పోయిన రోజున అవే దిక్కు.

చాలామంది వదిలేసేది ఇంకొకటి ఉంది. తెలివైన దొంగ పాస్‌వర్డ్ జోలికే పోడు. మీకొచ్చే ప్రతి మెయిల్ కాపీ తనకు చేరేలా ఫార్వర్డింగ్ పెట్టుకుంటాడు. లేదా 'ఓటీపీ', 'బ్యాంక్' లాంటి మాటలున్న మెయిల్స్ మీ కంట పడకుండా ట్రాష్‌లోకి పోయేలా ఫిల్టర్ రాస్తాడు. మీరు పాస్‌వర్డ్ మార్చినా అవి అలాగే పనిచేస్తూ ఉంటాయి. జీమెయిల్‌లో ఈ సెట్టింగ్స్ ఫోన్ యాప్‌లో కనిపించవు. నమ్మకమైన కంప్యూటర్‌లో తెరిచి ఫార్వర్డింగ్, ఫిల్టర్స్ రెండూ చూడాలి. మీ మెయిల్ చదవడానికి ఎప్పుడో అనుమతిచ్చిన యాప్‌లు ఉంటే వాటినీ తీసేయండి.

లోపలికి వెళ్లలేకపోతే ఆలస్యం చేయొద్దు. గూగుల్‌లో రికవరీ నంబరు మారినా, 7 రోజుల వరకు పాత నంబరుకి కోడ్ పంపే అవకాశం ఇవ్వొచ్చు. ఇంతకుముందు వాడిన ఫోన్‌లో, ఎప్పుడూ ఉండే చోటు నుంచే అకౌంట్ రికవరీ ప్రయత్నించండి. గుర్తున్న పాత పాస్‌వర్డ్ కూడా పనికొస్తుంది. 'డబ్బివ్వండి, తెచ్చిపెడతాం' అనేవాళ్లను, నెట్‌లో దొరికే కస్టమర్ కేర్ నంబర్లను నమ్మకండి. అది రెండో మోసం.

పోయేది మెయిల్ ఒక్కటే కాదు

మీ ఇన్‌బాక్స్‌లో ఏముందో గుర్తు తెచ్చుకోండి. రెజ్యూమె, ఆధార్ కాపీ, పాస్‌పోర్ట్ స్కాన్, మార్కుల జాబితాలు, ఆఫర్ లెటర్. నౌకరీ, లింక్డ్‌ఇన్, ఇన్‌స్టా పాస్‌వర్డ్ మర్చిపోతే లింక్ వచ్చేదీ అక్కడికే. అందుకే ట్రాష్‌లో మీరు అడగని పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్స్ ఉన్నాయేమో చూసి, ఆ అకౌంట్లన్నీ మార్చండి. బ్యాంకుదే ముందు.

ఉద్యోగం ఆశను ఎరగా వేసే ముఠాలు మనకు దూరంగా లేవు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన ప్రాంత యువకులను కంబోడియా పంపి, అక్కడ వాళ్లచేత బలవంతంగా సైబర్ మోసాలు చేయిస్తున్న సంగతిని 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అలాంటి ఏజెంట్ మాట మీ మెయిల్ నుంచి, మీ పేరుతో మీ జూనియర్‌కి వెళ్తే? 'మా అన్నయ్య పంపాడు కదా' అని వాడు నమ్మేస్తాడు. అందుకే సిగ్గుపడి దాచుకోకండి. క్లాస్ వాట్సాప్ గ్రూపులో, ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కి, అప్లై చేసిన కంపెనీల హెచ్‌ఆర్‌కి రెండు ముక్కలు చెప్పండి: 'నా మెయిల్ వేరేవాళ్ల చేతిలో పడింది, దాన్నుంచి ఏమొచ్చినా నమ్మొద్దు.'

అసలు తప్పు ప్రతిసారీ మనదే కానక్కర్లేదు. 2013లో యాహూ నుంచి దాదాపు 300 కోట్ల అకౌంట్ల వివరాలు పోయాయి. ఆ పూర్తి లెక్కను కంపెనీ ఒప్పుకున్నది 2017లో. అంత పెద్ద సంస్థే కాపాడలేకపోయినప్పుడు మీరు తల దించుకోవడం దేనికి?

డబ్బు పోతే ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయండి. లేకపోతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనో, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనో ఫిర్యాదు ఇవ్వండి. ఏదీ డిలీట్ చేయకముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడటం ఐటీ చట్టంలోని 66సీ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. రేపు మీ పేరుతో ఏదైనా జరిగితే మీ దగ్గర ఉండే ఆధారం ఆ ఫిర్యాదు కాగితమే.

కాలేజీలకూ ఒక మాట. రెజ్యూమె ఎలా రాయాలో గంటలకొద్దీ చెబుతున్నారు. ఆ రెజ్యూమె మీద ఉన్న మెయిల్ నిజంగా ఆ విద్యార్థి చేతిలోనే ఉందా అని మొదటి ఏడాదే ఒక అరగంట చూడండి. నెట్ సెంటర్ అన్నలూ, పిల్లల మెయిల్‌కి మీ నంబరు పెట్టకండి. అమ్మ నంబరో నాన్న నంబరో అడిగి పెట్టండి.

ఇక మీరు. ఈ పేజీ పక్కన పెట్టగానే మెయిల్ తెరిచి రికవరీ నంబరు చూడండి. అది మీ చేతిలో ఉన్న సిమ్ కాకపోతే ఈ రోజే మార్చండి.