బలపు మాత్రలు - వివేకము

పటాన్‌చెరు మొదలు సంగారెడ్డి వరకు రహదారి కిరుప్రక్కల వెలసిన కర్మాగారములలో ఔషధములకు వలయు ముడిపదార్థములు తయారగుచున్నవి. మన తెలుగునాట చేయబడిన మందులు దేశదేశములకు పోవుచుండుట మన కందరకును గర్వకారణమే. కాని మందులు చేయుచోటనే మందులపై భ్రమయు పెరుగుచున్నది. రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన కార్మికుడు నీరసముగ నున్నదని మందుల దుకాణమున "బలము మాత్ర" యడుగును. పట్టణమందలి గృహస్థుడు పొరుగువాని చీటీ చూపి విటమినుల డబ్బా కొనును. తనకు లోటున్నదో లేదో, దినమున కెంత వలయునో ఇరువురిలో నొక్కడును విచారింపడు. ఈ యలవాటును గూర్చి కొన్ని మాటలు చెప్పుట మా విధియని తలంచుచున్నాము.

విటమినులను నిందించుట మా యుద్దేశము కాదు. అవి మానవజాతికి చేసిన మేలు సామాన్యమైనది కాదు. 1928 మొదలుకొని బొంబాయిలో లూసీ విల్స్ అను వైద్యురాలు గుడ్డల మిల్లులలో పనిచేయు గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముతో వారికి స్వస్థత చేకూర్చెను. ఆ సారమందలి గుణము ఫోలిక్ ఆమ్లమని తరువాత తెలిసినది. భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలవారు 1945లో దానిని కృత్రిమముగ తయారుచేసిరి. ఇక జొన్నలనే ప్రధానాహారముగ గొనిన మన దక్కను పేదలకు పెలాగ్రా యను వ్యాధి సోకి, చర్మము నల్లబడి పగులుచుండెడిది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయందు గోపాలన్‌గారు మున్నగువారు దానిని శోధించిరి. నియాసిన్ అను విటమినుతో అది కుదురును.

ఈ విజయములన్నిటను ఒక్క ధర్మము గలదు. మొదట లోపము కనుగొనబడెను. పిదప ఆ లోపమునకు తగిన పదార్థము తగిన మోతాదులో ఈయబడెను. లోపము లేనిచోట అదే పదార్థము బలము నీయదు సరికదా, మితిమీరిన కీడు చేయును.

డి విటమినునే చూడుడు. పెద్దలకు దినమునకు 600 యూనిట్లు చాలునని మన జాతీయ సంస్థవారు 2020లో నిర్ణయించిరి. అంగడిలో దొరకు పెద్దమాత్ర యొకటి 60,000 యూనిట్లు. అనగా నూరు దినముల గ్రాసము. వైద్యుడు వారమున కొకటి చొప్పున కొన్ని వారములకు వ్రాసిన దానిని దినదినము మ్రింగినచో రక్తమున సున్నము పెరిగి, వాంతులు కలిగి, తుదకు మూత్రపిండములు చెడును. ఎ విటమిను గర్భారంభమున అధికమైన శిశువునకు అవయవ లోపములు కలుగవచ్చును. నీటిలో కరగునది గాన హానిలేదని తలంచెడి బి6 సైతము చిరకాలము అతిగా కొన్నచో నరములకు చేటు. ఇనుప మాత్రలను మిఠాయి యని పసిపిల్లలు గుప్పెడు మ్రింగిన ప్రాణములకే ముప్పు. వానిని పిల్లల చేతి కందనీయరాదు.

ఇంతకన్న గొప్ప యపాయ మింకొకటి గలదు. మాత్ర రోగమును కప్పిపుచ్చును. పురుషునకు రక్తము తగ్గినచో కడుపులో పుండు వలననో, మూలవ్యాధి వలననో రక్తము పోవుచుండవచ్చును. కారణ మరయక ఇనుము మ్రింగుచు కూర్చుండుట కారు కుండలో నీరు పోయుటయే. బి12 లోపించినవానికి ఫోలిక్ ఆమ్లము మాత్రమే యిచ్చినచో రక్తము బాగైనట్లు కనబడును గాని నరముల జబ్బు లోలోన ముదురును. అలసటకు మధుమేహము, థైరాయిడు, క్షయ, నిద్రలేమి, ఏవైనను హేతువులు కావచ్చును.

అట్లని వలసినవారు మానరాదు. గర్భిణులకు నాలుగవ నెల మొదలు దినమునకు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము గల మాత్రను కనీసము 180 దినములును, ప్రసవానంతరము మరి 180 దినములును ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగ నిచ్చుచున్నారు. మలము నల్లబడుట చూచి బెదరి దానిని విడుచుట తగదు. దానిని టీతో గాని, సున్నపు మాత్రతో గాని కలిపి పుచ్చుకొనరాదు. థైరాయిడు మాత్రకును వీనికిని నాలుగు గంటల ఎడమ యుండవలెను. పాలు, గ్రుడ్లు, మాంసము ముట్టనివారు బి12 పరీక్ష చేయించుకొనుట మంచిది. రెండు డబ్బాలు వాడువారు ఒకే పదార్థము రెండింటను లేదు గదాయని చీటీ చదువవలెను. ఆహార పూరకములపై పదునాలుగంకెల లైసెన్సు సంఖ్యయు, "ఔషధముగ వాడుటకు కాదు" అను హెచ్చరికయు ఉండవలెనని చట్టము. రోగములన్నియు మాన్పునని చెప్పి యమ్మెడి డబ్బాను కొనకుండుటయే క్షేమము.

పటాన్‌చెరులోనే 1972లో వెలసిన ఇక్రిసాట్ పరిశోధనాలయ మున్నది. అచట రూపొందిన "ధనశక్తి" యను సజ్జలో సాధారణపు సజ్జలకన్న ఇనుము అధికము. కర్మాగారపు మాత్రకును, ఈ పొలపు గింజకును నడుమ దూరము కొలది మైళ్లే. మన భూస్వాములు జొన్న, సజ్జ, రాగి, కందులకు తమ మళ్లలో చోటుంచవలెను. పెరటిలో మునగ, తోటకూర లేని యిల్లుండరాదు. కర్మాగారాధిపతులు కార్మికునకు పప్పు, ఆకుకూర, పెరుగు గల భోజనము పెట్టి, ఏటేట రక్తపరీక్ష చేయించుట వారికిని లాభమే. దినమెల్ల పైకప్పు క్రింద పనిచేయువానికి విరామమున కొంతసేపు ఎండపొడ తగులు వీలు కల్పింపవలెను.

కార్మికుని కూలిలో ప్రతి రూపాయకును ఇంటిలో ఎదురుచూచు నోళ్లు గలవు. ఆ రూపాయ లేని లోపమునకు మాత్రగా మారుటకన్న బిడ్డల పళ్లెమున పప్పుగా మారుట మేలు. లోపమున్నచో వైద్యుడు కనుగొనుగాక, మోతాదు నిర్ణయించుగాక, ఆపవలసిన దినమును చెప్పుగాక. అట్టి మాత్రయే బలపు మాత్ర. తక్కినది వట్టి ఖర్చు.